ఆఖరి మాట అందియ్యకు

మా చెరుకుపూత నాటక సమాజంల నా పని తెర ఎన్క నిలవడి మాట అందిచ్చుడు. ప్రాంప్టర్ అంటరు. స్టేజి మీద ఎవడన్న మాట మర్సిపోయి గుడ్లు తేలేస్తే, ఆ మాట వాని చెవుల పడాలె, ముందు వరుసల కూసున్నోళ్ళ చెవుల పడొద్దు. చెప్పుడు అల్కగనే ఉంటది, చేస్తె తెలుస్తది. మంచిగ చేస్తె నేనొకన్ని ఉన్నట్టే ఎవ్వనికి తెల్వది. ఇంతమందికి మాటలిచ్చిన, ఒక్కనాడన్న నాకు చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు ఎవ్వడు. పోనీయ్. బోధన్ల తుకారాం టైలర్ అంటే ఎవలన్న చెప్తరు. పొద్దంత మిషను మీద ఉంట, పొద్దు వాలంగనె రిహార్సల్ల ఉంట. "మిషనును చేసుకున్నవో, నాటకాన్ని చేసుకున్నవో, నడుమ నన్నెందుకు చేసుకున్నవయ్యా" అంటది మా ఇంటామె.

మా సమాజాన్ని ఎవడన్న తక్కువ చేసి మాట్లాడితె మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కుతది. మా సమాజంల ఒకడు మొబైల్ షాపుల పనిచేస్తడు, ఒక పిల్ల డిగ్రీ కాలేజిల పాఠం చెప్తది, ఒకాయన వరి పండిస్తడు. ఎవ్వలకు దీంట్ల రూపాయి లాభం లేదు. సెట్టు సామాను ట్రాక్టర్ల ఏసుకొని, దాని మీద మేమే ఎక్కి కూసొని, మోస్రా పోయినం, పోచంపాడ్ పోయినం. వేల్పూర్ల పసుపు ఆరవోసే కల్లంల ఆడినం. ఆనాడు ముఖాలకు రంగు ఏసే అక్కరనే పడలే, గాలి దుమారం ఒక్కటి లేస్తె అందరం పచ్చగైనం. పొద్దంత పని చేసి ఒళ్ళు హూనమైన మనుషులు, సాయంత్రం కాంగనె రాజులైతరు, రైతులైతరు, ఏడ్పిస్తరు, నవ్విస్తరు. గిది చిన్న ముచ్చటనా? నాకైతె కానే కాదు.

మా డైరెక్టర్ రామకోటేశ్వరరావు సార్. వరి పండిచ్చే ఆయన ఈయనే. కాలువ నీళ్ళొచ్చిన కాలంల ఈయన తాతలు కోస్తా నుంచి వచ్చి మా దిక్కు భూములు కొన్నరు. సార్ ఈడనే పుట్టిండు, ఈడనే పెరిగిండు, అయినా నోట్లెకెల్లి 'అండీ' పోలే. నాటకం రాసేది ఆయన, దాన్ని మా మాటల్లకు తిప్పేది నేను. "ఏమయ్యా తుకారాం, మీ ఊరి ఆడమనిషి ఇలా అంటుందా?" అని అడుగుతడు. "అనది సార్, అంటె నవ్వుతరు" అంట. కొట్లాడుకుంటం, చాయ్ తాగుతం, మల్ల కొట్లాడుకుంటం.

ఈసారి నిజామాబాద్ పోటీలకని ఆయన రాసిన నాటకం పేరు 'పెద్ద దర్వాజ'. కథ చిన్నదే. ఒక గడీల దొరసాని ఉంటది. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఒక జీతగాన్ని కొట్టి చంపుతడు. ఊరంత చూసింది, ఎవ్వడు నోరు తెరువడు. విచారణ చెయ్యనీకి పోలీసు అమీను వస్తడు. దొరసాని కుర్చీల కూసొని, కొడుకు పుట్టుక సంది మొదలువెట్టి, వాని చిన్నతనం, వాని ముద్దుముచ్చట అంత చెప్పుకుంట వస్తది. కొడుకు పక్కన్నే నవ్వుకుంట నిలవడ్తడు, అమ్మ నన్ను కాపాడుతున్నదని. ఆఖరికి ఒక్క మాటంటది: "నా కొడుకే చంపిండు. నా కండ్లతోని చూసిన. రాసుకో." అంతే, తెర పడ్తది. ఆ ఒక్క మాట కోసమే మొత్తం నాటకం.

దొరసాని ఏషం కట్టాల్సిన శిరీషకు వేరే ఊరికి బదిలీ అయింది. ఆమె లేని లోటుకు, కాలేజిల చెప్పే నిఖిత ఆ మాటలు ఉత్తగ చదువుతున్నదొకనాడు. "కూర్చోండి అమీను సాబ్" అని మెల్లగ అనేసరికి కిటికి బయటికెల్లి ఒక గొంతు లేచింది.

"గట్ల అడుక్కుంటదా బిడ్డా దొరసాని? 'కూసో అమీను సాబ్. నా గడీల నిలవడేటోళ్ళు పనోళ్ళు' అనాలె."

అందరం తిరిగి చూసినం. వెంకటవ్వక్క! మా హాలు పక్కన్నే ఉన్న కార్ఖానాకు బీడీలు చేసిచ్చే మనిషి. అరవైకి దగ్గర పడ్డది. బీడీలప్పజెప్పి పోయేటప్పుడు మా కిటికి కాడ ఆగుడు ఆమెకు అలవాటు. ఎవలు మంచిగ చేసిన్రో, ఎవలు చెయ్యలేదో ముఖం మీదనే అనిపోతది. నన్నైతె "తమ్మీ, నీ గొంతు బయటిదాక ఇనవడ్తున్నది, జర నోరు మూసుకొని అందియ్యి" అన్నది ఒకపారి. నోరు మూసుకొని ఎట్ల అందిస్తరే తల్లీ!

సార్ కుర్చీలకెల్లి లేచిండు. "వెంకటవ్వ గారూ, ఆ మాట మళ్ళీ అనండి."

"గారు గీరు వద్దు సారూ" అన్నది గని, చేతిల ఖాళీ సంచి మడుసుకుంట మల్ల అన్నది. అమీను ఏషం ఏసినోడు నిజంగనే కూసున్నడు. ఏషం ఆమెకే వచ్చింది.

అక్కకు చదువురాదు. అందుకని పగటిపూట దుకాణం బందుపెట్టి నేనే ఆమె ఇంటికి పోయి మాటలు చదివి ఇనిపిచ్చిన. ఒడిల చాట వెట్టుకొని, ఆకు కత్తిరిచ్చి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టుకుంటనే ఇన్నది. నేను ఒక మాట చెప్తె తిరిగి చెప్తది, చేతులు మాత్రం ఆగవు. చూస్తుండంగనే నాటకమంత నోటికి వచ్చింది. నడుమ ఒకపారి అన్నది, "ఏడేండ్ల పిల్లప్పుడు నా ఒడిల సాట వెట్టిండ్రు తమ్మీ. గప్పటి సంది తల దించుకునే ఉన్న. ఒక్కపారి నలుగురి ముంగట తలెత్తి మాట్లాడి సస్త." సచ్చే ముచ్చటెందుకే అక్కా అన్న గని, నా మనసు మనసుల లేదు.

గంత మంచిగ నేర్చిన మనిషి రిహార్సల్కు వచ్చి, కుర్చీల కూసొని, రెండు మాటలు చెప్పి బొమ్మ లెక్క ఆగిపోయింది. అందిచ్చిన. ఇంకో మాట చెప్పింది, మల్ల ఆగింది. మరునాడు గంతే. ఆ మరునాడు గంతే. మొబైల్ షాపు ప్రశాంత్ కొడుకు ఏషం, వాడు "తుకారామన్నా, నువ్వే చీర కట్టుకోరాదే, అన్ని మాటలు నువ్వే చెప్తున్నవ్" అన్నడు. అందరు నవ్విండ్రు. అక్క నవ్వలే. నా ఇజ్జత్ పోయినట్టే అయింది, నేర్పినోన్ని నేనాయె.

సార్ చెడ్డోడు గాదు గని నాటకం దగ్గరికొస్తె మొహమాటం లేదు. "ఆదివారం దాకా చూద్దాం. అప్పటికీ రాకపోతే నిఖితే చేస్తుంది. నన్ను క్షమించమ్మా" అన్నడు. అక్క చెంగు నోట్ల కుక్కుకొని ఎల్లిపోయింది.

తెల్లారి నాకు కోపమాగక అక్కతోని కొట్లాడుదామనే పోయిన. ఇంట్ల చక్కగ చెప్తది, ఆడికొచ్చి మూగ నోము పడ్తదా? గల్లి మలుపు తిరిగిన్నో లేదో గొంతు ఇనవడ్డది. గడప మీద కూసొని బీడీలు చుట్టుకుంట, వాడకట్టు ఆడోళ్ళకు దొరసాని మాటలు చెప్తున్నది. ఒక్క ముక్క తప్పు లేదు. ఇంటున్నోళ్ళు చాటల మీద కెల్లి తలలెత్తి కండ్లు తుడుసుకుంటున్నరు. నాకు కోపం ఏడికి పోయిందో తెల్వది, నోరు తెరుసుకొని ఆడనే నిలవడ్డ.

గప్పుడు ఆమె దారం అయిపోయింది. మాట సగంల ఆగింది. అక్క దారపుండ కోసం ఎతికింది, చిక్కు తీసింది, కొస పండ్లతోని కొరికింది, మల్ల చుట్టుడు మొదలువెట్టింది. మొదలువెట్టంగనే ఆగిన కాడికెల్లి మాట వచ్చింది.

నేను ఉరికి పోయి ఆమె ఒడిలకెల్లి చాట గుంజుకున్న. "ఇప్పుడు చెప్పు!"

"ఏం పిచ్చి లేసిందిరా నీకు?"

"చెప్పక్కా, చెప్పు."

నోరు తెరిసింది. చేతులు ఖాళీగ ఒడిల పడి ఉన్నయి. మాట రాలే. ఆమె ముఖం తెల్లబోయింది. చాట తిరిగి ఒడిల పెట్టిన, ఆకు చేతికి తాకంగనే గడగడ వచ్చింది. వాడకట్టు ఆడోళ్ళు ముక్కు మీద ఏలేసుకున్నరు. "మనసుల మాట ఏదైనా సేతులాడుకుంటనే మాట్లాడిన తమ్మీ" అన్నది అక్క, తనకు తనే చెప్పుకున్నట్టు. "తిట్టినా, పాడినా గంతే. మా ఇంటాయన పోయినప్పుడు గూడ సాట ముంగట కూసున్నంకనే ఏడుపొచ్చింది."

అసలు లొల్లి ఏంటిదంటె, సార్ మొదటి రోజే ఒక హుకుం పెట్టిండు. "దొరసాని చేతులు పని చెయ్యవమ్మా. పనివాళ్ళు చేస్తారు. నీ చేతులు కుర్చీ మీద రాళ్ళల్లే ఉండాలి" అని. మాటలన్ని చేతులల్ల పెట్టుకున్న మనిషిని చేతులు కదపొద్దంటె ఎట్ల?

పోయి సార్కు చెప్పిన. నమ్మలే. అక్కను పిలిచి, చాట ఇచ్చి, చూపిచ్చిన. సార్ కొంచెంసేపు గడ్డం గీరుకున్నడు. నేను చాలా మంది డైరెక్టర్లను చూసిన, తమ మాట తప్పంటె కస్సుమంటరు. ఈయన గట్ల గాదు. "పాన్‌దాన్! దొరసాని దగ్గర పాన్‌దాన్ ఉంటుంది కదయ్యా! కొడుక్కి రోజూ తన చేత్తో పాన్ కట్టి ఇస్తుంది!" అని చిన్న పిల్లగాని లెక్క ఎగిరిండు. ఆకు ఆకే గదా, తునికాకు కాకపోతె తమలపాకు. గట్లనే అయింది. మా పక్కింటోళ్ళ ఇత్తడి పాన్‌దాన్ తెచ్చిన, చింతపండు పెట్టి తోమిన. అక్క సున్నం రాసుకుంట, వక్క ఏసుకుంట, మడుసుకుంట మాటలు చెప్తుంటె, నా నోటికి పనే లేకుండ పోయింది. మొదటి రోజు మాత్రం అలవాటు కొద్ది తమలపాకును సన్నగ చుట్టి, మూతి మలిసి, దారం కోసం చూసింది. ప్రశాంత్ చెయ్యి చాపి, "అమ్మా, అగ్గిపెట్టె గూడ ఇయ్యి" అన్నడు. ఈసారి అక్క కూడ కడుపు పట్టుకొని నవ్వింది.

గని ఒక్కటి మిగిలింది. ఆఖరి మాట. ఆ మాట కాడ చేతులు ఆగాలెనని సార్ పట్టు. "అంతసేపూ కదిలిన చేతులు ఆ ఒక్క మాటకు ఆగాలయ్యా. లేకపోతే తల్లి కాదు, పాన్ డబ్బా నడిపే మనిషి అవుతుంది." మాట నిజమే, నాకూ కాదనబుద్ధి కాలే. అక్క చేతులు ఆపుతది, మాట ఆగిపోతది. ఆపుతది, ఆగిపోతది. నేను అందిస్తె చెప్తది. గని అందిచ్చి చెప్పిన మాట ఎట్లుంటది? అరువు తెచ్చుకున్న అంగీ లెక్క ఉంటది.

పోటీకి పోయే ముందు ఆఖరి రిహార్సల్ల గూడ గంతే అయింది. నిఖిత మంచి పిల్ల, ఏషం తనకొస్తదని సంబురపడలే. "సార్, నాకు మాటలొచ్చు గని ఆ గొంతు రాదు. అవ్వనే చెయ్యాలె" అన్నది. సార్ "సరే. ఆ ఒక్క మాట తుకారాం అందిస్తాడు" అన్నడు.

"వద్దు సారూ" అన్నది అక్క. గొంతు సన్నగున్నది గని గట్టిగున్నది. "ఆఖరి మాట అందియ్యకు తమ్మీ. వస్తె నా నోట్లెకెల్లి రావాలె. రాకపోతె ఇగ నేను స్టేజి ఎక్క. మీరు వద్దనుడు గాదు, నేనే ఎక్క. సాట ముంగట కూసుంట, సచ్చేదాక." నా చెయ్యి తన తల మీద పెట్టిచ్చి ఒట్టు ఏపిచ్చుకున్నది. ప్రాంప్టర్ తోని అందియ్యనని ఒట్టు! వంటాయనతోని పొయ్యి ముట్టియ్యనని ఒట్టు ఏపిచ్చుకున్నట్టే.

నిజామాబాద్ల హాలు నిండింది. మా బోధన్ బీడీల ఆడోళ్ళు బస్సు ఎక్కి వచ్చి ఎనక వరుసలల్ల కూసున్నరు. ముంగట జడ్జీలు. నేను కుట్టిన ఎర్ర పట్టు జాకెటు ఏసుకొని, నిఖిత ఇచ్చిన చీర కట్టుకొని, అక్క కుర్చీల కూసుంటె, మా అక్కనేనా అనిపిచ్చింది. తెర లేచింది. "కూసో అమీను సాబ్" అన్నది. హాలంత సర్దుకొని కూసున్నది. నేను కాయితాలు పట్టుకున్న గని ఒక్క పేజి గూడ చూడలే. పాన్‌దాన్ మూత తీసింది, ఆకు తీసింది, సున్నం రాసింది. కొడుకు తొలి అడుగు గురించి చెప్పింది, వానికి జ్వరమొస్తె మొక్కిన మొక్కులు చెప్పింది. ఏళ్ళు ఆడుతున్నయి, మాట పారుతున్నది. ఏండ్ల సంది నాటకాలు చూస్తున్న, గసుంటి ఆట నేను చూడలే. తెర ఎన్క నిలవడి అబ్బ, అబ్బ అనుకుంటున్న.

ఆకు మడుసుడు అయింది. పాన్ చేతుల ఉంది. ప్రశాంత్ రోజు లెక్కనే నవ్వుకుంట చెయ్యి చాపిండు. అక్క చేతులు ఆగినయి.

మాట రాలే.

అమీను కలం పట్టుకొని చూస్తున్నడు. ప్రశాంత్ చాపిన చెయ్యి అట్లనే ఉన్నది, వాని నవ్వు మెల్లగ పోతున్నది. అది నటననో, భయమో నాకు తెల్వది. అక్క కొడుకు ముఖం దిక్కే చూస్తున్నది. మాట నా నాలిక కొస మీద ఉన్నది. 'నా కొడుకే' అంటె చాలు, అందుకుంటది. సార్ నా పక్కకు వచ్చి మోచేతితోని డొక్కల పొడిచిండు. "అందించవయ్యా!" మల్ల పొడిచిండు. "చచ్చిపోతోందయ్యా, అందించు!" నేను నాలిక పండ్ల నడుమ పెట్టి కొరుక్కున్న. నెత్తురు రుచి తెలిసింది. ఒట్టు ఒట్టే. గని దేవుడా, ఈ ముసల్దాన్ని తల దించుకోనియ్యకు అని మొక్కుకున్న.

అక్క పాన్ను కొడుకు చేతుల పెట్టలే. పాన్‌దాన్ల పెట్టింది. మూత మెల్లగ మూసింది. రెండు చేతులు కుర్చీ చెక్కల మీద పెట్టింది. ఇగ ఆ చేతులు కదలలే.

"నా కొడుకే చంపిండు" అన్నది. "నా కండ్లతోని చూసిన. రాసుకో."

తెర పడ్డది. చప్పట్లు వెంటనే రాలే. ముందు ఎనక వరుసల ఎవరో ఆడమనిషి ఎక్కెక్కి ఏడ్చింది. ఆ ఎన్క వచ్చినయి చూడు, హాలు కప్పు లేసిపోతదా అన్నట్టు వచ్చినయి. జడ్జీలు లేచి నిలవడ్డరు. సార్ ఎటు పోవాలెనో తెల్వక తెర తాడు పట్టుకొని ఏడుస్తున్నడు, నేను ఆయన భుజం మీద పడి ఏడుస్తున్న.

అక్క మాత్రం కుర్చీలకెల్లి లేచి సక్కగ నా మీదికొచ్చింది. కండ్లు నిప్పులు.

"ఒట్టేసి గూడ తప్పుతవారా? అందియ్యొద్దంటె ఎందుకు అందిచ్చినవ్?"

"నేనేం అందిచ్చిననే?"

"అబద్ధాలాడకు. నాకు మాటంత పోయింది. మనసంత చీకటైంది. గప్పుడు ఎవలో సెప్పిండ్రు, నా సెవులకు ఇనవడ్డది. నువ్వు గాకపోతె ఇంకెవలు?"

నేను నోరు తెరిచి నాలిక చూపిచ్చిన. కొరుక్కున్న కాడ నెత్తురు ఇంక ఆగలే. సార్ కండ్లు తుడుసుకున్నడు. "వీడు నోరు తెరవలేదమ్మా. నేను డొక్కలో పొడిచినా తెరవలేదు. ఎవ్వరూ చెప్పలేదు."

అక్క మా ఇద్దరిని మార్చి మార్చి చూసింది. తెర అవుతల చప్పట్లు ఇంక ఆగలే, రమ్మని పిలుస్తున్నరు. ఆమె తన రెండు చేతులు ముంగటికి తెచ్చుకొని, ఎవలియో అన్నట్టు చూసుకున్నది. ఒకదాని పక్కన ఒకటి, కదలకుంట ఉన్నయి.

"అయితె గా మాట నేనే అన్ననా తమ్మీ?" అన్నది.

"నువ్వే అన్నవక్కా" అన్న. "పా, పిలుస్తున్నరు."

తలెత్తుకొని పోయింది. నేను తెర ఎన్కనే నిలవడి చప్పట్లు కొట్టిన.